ఐసీయూ నిండకముందే మొదలయ్యే నష్టం

"ఐసీయూలో బెడ్ ఖాళీ లేదు" అని ఆసుపత్రి వాళ్లు చెప్పినప్పుడే కష్టం మొదలవుతుందని అనుకుంటాం. కానీ ఆ మాట బయటికొచ్చే సమయానికి లోపల వైద్యం తీరు మారిపోయి చాలా గంటలు, ఒక్కోసారి రోజులు అయి ఉంటుంది. ఇద్దరిని చూసుకోవాల్సిన నర్సు ముగ్గురిని చూస్తుంటుంది. రేపు వార్డుకు పంపుదామనుకున్న మనిషిని ఈ రాత్రే పంపేస్తారు. ఎమర్జెన్సీలో ఉన్న పేషెంట్‌ను "ఇంకాస్త చూద్దాం" అని అక్కడే ఉంచుతారు. వీటిలో ఏ ఒక్కటీ తప్పని చెప్పలేం. ఆ క్షణంలో అక్కడున్న డాక్టరుకు అంతకంటే మంచి దారి ఉండకపోవచ్చు కూడా. కానీ ఇవన్నీ కలిసి కొందరి ప్రాణాలు తీస్తాయి. పోయింది ఎవరి ప్రాణమో మాత్రం వేలెత్తి చూపించలేం. ఈ నష్టం గురించి తక్కువ మాట్లాడుకోవడానికి అదే కారణమని నాకనిపిస్తుంది.

ఐసీయూ మీద ఒత్తిడి పెరిగితే రోగులు ఎక్కువమంది చనిపోతారా అని అడిగితే, అవునని వెంటనే అనేస్తాం. పరిశోధనలు మాత్రం అంత తేలికగా అవును అనలేదు. కొన్ని అన్నాయి, కొన్ని కాదన్నాయి. ఆ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే అసలు నష్టం ఎక్కడ దాగి ఉందో కూడా తెలుస్తుంది.

ఐసీయూ బెడ్ అంటే మనిషి

1952 ఆగస్టులో కోపెన్‌హాగన్ నగరాన్ని పోలియో చుట్టుముట్టింది. ఊపిరి తీసుకునే కండరాలు పడిపోయిన రోగులను అక్కడి బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి రోజూ తీసుకొచ్చేవారు. అప్పటి పద్ధతి ప్రకారం రోగిని ఇనుప డబ్బా లాంటి యంత్రంలో పడుకోబెట్టాలి. అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. శ్వాస దెబ్బతిన్న వారిలో దాదాపు 90 శాతం మంది చనిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు వేరే దారి చూపించాడు. గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించడం ఆయన పద్ధతి. అప్పటిదాకా ఆపరేషన్ థియేటర్‌లో మాత్రమే చేసే పని అది. మరి రోజుల తరబడి, వారాల తరబడి ఆ సంచి నొక్కేదెవరు? మెడికల్ కాలేజీ విద్యార్థులు. సుమారు 1500 మంది షిఫ్టుల్లో వచ్చి, ఒక్కో రోగి తల దగ్గర కూర్చుని, చేత్తో ఊపిరి పోశారు. మరణాలు క్రమంగా పాతిక శాతం దగ్గరికి దిగివచ్చాయి. మరుసటి ఏడాది, 1953 చివర్లో, ఇబ్సెన్ అదే నగరంలోని మరో ఆసుపత్రిలో ఒక ప్రత్యేక విభాగం తెరిచాడు. ప్రపంచంలో మొదటి ఐసీయూ అని చాలామంది చెప్పేది దాన్నే.

ఐసీయూ పుట్టుకలోనే ఉన్న విషయం ఏమిటంటే, అక్కడ ప్రాణం నిలబెట్టింది రోగి పక్క నుంచి కదలని మనిషి. యంత్రాలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు మంచి వెంటిలేటర్లు, మానిటర్లు, మందును కొలత ప్రకారం రక్తంలోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు ఉన్నాయి. అయినా వాటి అలారం విని, కారణం కనిపెట్టి, సరిచేయాల్సింది నర్సే. ఒక బెడ్ పక్కన 24 గంటలూ ఒక నర్సు ఉండాలంటే వారానికి 168 గంటల డ్యూటీ. ఒక్కొక్కరూ 40 గంటలు పనిచేస్తే నలుగురు చాలరు. సెలవులు, జబ్బులు, ట్రైనింగ్ కలిపితే అయిదుగురికి పైనే కావాలి. బెడ్ కొనడానికి రోజులు సరిపోతాయి. ఐసీయూ నర్సు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

2020 ఏప్రిల్ 3న లండన్‌లోని ఒక పెద్ద ఎగ్జిబిషన్ సెంటర్‌లో, 4000 బెడ్ల దాకా పెంచుకునే వీలుతో, కోవిడ్ రోగుల కోసం నైటింగేల్ ఆసుపత్రి తెరిచారు. దాన్ని కట్టడానికి పట్టింది తొమ్మిది రోజులే. మొదటి విడతలో అక్కడ వైద్యం పొందింది 54 మంది. నగరంలోని మిగతా ఆసుపత్రులు తమ ఐసీయూలను తామే పెంచుకోవడం ఒక కారణం. కొత్త హాలుకు పంపడానికి ఐసీయూ అనుభవమున్న నర్సులు మిగలకపోవడం మరో కారణం. కాబట్టి ఎక్కడైనా "ఇన్ని వందల ఐసీయూ బెడ్లు పెంచాం" అన్న ప్రకటన చూస్తే, వాటి పక్కన నిలబడేది ఎవరని అడగాలి.

సగటు చూపించే మోసం

పదింట ఏడు బెడ్లే నిండి ఉన్నాయంటే మూడు ఖాళీ కదా, ఇక ఇబ్బందేమిటి అనిపిస్తుంది. ఆసుపత్రి లెక్కలు చూసేవాళ్లు కూడా చాలాసార్లు ఇలాగే ఆలోచిస్తారు. కానీ తీవ్రమైన జబ్బుతో వచ్చేవాళ్లు వరుసగా, టైమ్ ప్రకారం రారు. ఒక రాత్రి ఎవరూ రారు, మరో రాత్రి ఒకే గంటలో నలుగురు వస్తారు.

ఈ లెక్క వేయడానికి పాత సూత్రం ఒకటుంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1917లో ప్రచురించాడు. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి "బిజీ" వస్తుందో తేల్చడానికి చేసిన లెక్క అది. లైన్ల బదులు బెడ్లు పెట్టి చూద్దాం. 10 బెడ్ల ఐసీయూ. ఏ సమయంలోనైనా సగటున 6 బెడ్లు నింపేంతమంది వస్తుంటే, కొత్తగా వచ్చే 100 మందిలో సుమారు నలుగురికి బెడ్ దొరకదు. 8 బెడ్లు నింపేంతమంది వస్తే 12 మందికి దొరకదు. 9 అయితే దాదాపు 17 మందికి. రోగుల రాక ఒకటిన్నర రెట్లు పెరిగితే, బెడ్ దొరకని వాళ్లు నాలుగు రెట్లు అయ్యారు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. వచ్చినవాళ్లలో 12 శాతం మందికి బెడ్ దొరకని ఆ ఐసీయూలో సగటున నిండి ఉండే బెడ్లు 70 శాతమే. ఎందుకంటే తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు. నెలాఖరు రిపోర్టులో "70 శాతం ఆక్యుపెన్సీ" అని చూసినవాళ్లకు అక్కడ ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు బయట ఉండిపోయిన విషయం ఆ అంకెలో ఎక్కడా లేదు. నిజమైన ఐసీయూలు టెలిఫోన్ లైన్లలా కచ్చితంగా తిప్పి పంపవనుకోండి. ఎవరినో ముందుగా వార్డుకు పంపి చోటు చేస్తాయి, లేదా ఎమర్జెన్సీలోనే ఆపుతాయి. అంటే ఆ 12 మందికి సంబంధించిన భారం మాయం కావడం లేదు, ఇంకో రోగి మీదకు మళ్లుతోంది.

మహమ్మారికి ముందు ఇటలీలోని లొంబార్దీ ప్రాంతంలో సుమారు 720 ఐసీయూ బెడ్లు ఉండేవి. చలికాలంలో 85 నుంచి 90 శాతం నిండి ఉండటం అక్కడ మామూలే. 2020 ఫిబ్రవరి చివర్లో కోవిడ్ వచ్చిపడేసరికి మిగిలిన ఆ కొద్ది చోటు చూస్తుండగానే అయిపోయింది. ధనిక ప్రాంతం, మంచి ఆసుపత్రులు, అనుభవమున్న డాక్టర్లు, అన్నీ ఉన్నాయి. లేనిది ముందుగా ఉంచుకున్న ఖాళీ ఒక్కటే.

గుమ్మం దగ్గర పోయే గంటలు

నష్టం మొదట కనిపించేది ఐసీయూ బయట. ఎమర్జెన్సీ విభాగం రోగిని త్వరగా గుర్తించి, మొదటి వైద్యం ఇచ్చి, ముందుకు పంపడానికి ఏర్పాటైన చోటు. ఒక రోగికి బీపీ నిలబెట్టే మందు నడుస్తుంటే దాన్ని నిమిషాల లెక్కన సర్దుతూ ఉండాలి. ఎమర్జెన్సీ నర్సు చేతిలో అదే సమయంలో ఛాతీ నొప్పి, విరిగిన కాలు, ఫిట్స్ వచ్చిన పిల్లవాడు కూడా ఉంటారు.

అమెరికాలో 50 వేలకు పైగా రోగుల వివరాలు చూసి 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటి దీన్ని అంకెల్లో చూపించింది. ఎమర్జెన్సీ నుంచి ఐసీయూకు చేరడానికి 6 గంటలు, అంతకు మించి పట్టినవాళ్లలో 17.4 శాతం మంది ఆసుపత్రిలో చనిపోయారు. అంతకంటే ముందే చేరినవాళ్లలో 12.9 శాతం. బ్రెజిల్‌లో జరిగిన మరో అధ్యయనం 2011లో వచ్చింది. ఐసీయూ బెడ్ కోసం వేచి ఉన్న ప్రతి గంటకూ మరణ ప్రమాదం సుమారు ఒకటిన్నర శాతం చొప్పున పెరుగుతూ పోయిందని అందులో తేలింది. గంటకు ఒకటిన్నర శాతం చిన్న అంకెలాగే ఉంటుంది. సాయంత్రం వచ్చిన రోగికి మర్నాడు మధ్యాహ్నం బెడ్ దొరికితే ఎంతవుతుందో లెక్కేసుకోండి.

వేచి ఉండటంలో ప్రాణం తీసేది గడియారం కాదు, ఆ గంటల్లో జరగకుండా పోయిన పనులు. సెప్సిస్‌నే తీసుకుందాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోయిన రోగికి సరైన యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మంచిది. బీపీ పడిపోయాక మొదటి 6 గంటల్లో ఒక్కో గంట ఆలస్యానికీ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గిందని 2006లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఐసీయూలో బెడ్ దొరకలేదన్నది సాకుగా మారి ఆ మొదటి డోసు కూడా ఆగిపోతే, అక్కడ జరిగే నష్టం బెడ్ కొరతను మించినది.

ఇంకో ఆలస్యం వార్డుల్లో జరుగుతుంది. సాధారణ వార్డులో ఉన్న రోగి పరిస్థితి మెల్లగా దిగజారుతుంటే డ్యూటీ డాక్టరు ఐసీయూకు ఫోన్ చేస్తాడు. బెడ్లు ఖాళీగా ఉన్న రోజున "తీసుకొచ్చెయ్యండి" అంటారు. నిండి ఉన్న రోజున "ఆక్సిజన్ పెంచి రెండు గంటలు చూసి చెప్పండి" అంటారు. రోగి అతడే, జబ్బు అదే. మారింది ఫోన్ అవతల ఉన్న పరిస్థితి. నాలుగు రోజులు ఇలాంటి ఫోన్లు చేసిన జూనియర్ డాక్టరు అయిదో రోజు అసలు ఫోనే చేయడు. ఇలా చేయకుండా పోయిన ఫోన్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.

లోపల ఉన్నవాళ్లకు జరిగేది

బెడ్ దొరికినవాళ్లు గండం గట్టెక్కినట్టే అనుకుంటాం. అక్కడే పొరపాటు పడతాం.

వెంటిలేటర్ మీద ఉన్న ఒక్క రోగికి గంటలో ఎంత పని ఉంటుందో బయటివాళ్లకు ఊహకందదు. బీపీ మందు సర్దాలి, ఊపిరితిత్తుల్లో చేరిన కఫం తీయాలి, మూత్రం ఎంత వచ్చిందో రాయాలి, షుగర్ చూడాలి, రక్తంలో ఆక్సిజన్ పరీక్షకు శాంపిల్ తీయాలి, ప్రతి రెండు గంటలకూ ఒత్తిగిలించాలి, నోరు శుభ్రం చేయాలి, గొట్టాలు జారిపోకుండా చూడాలి. ఒక్కో పనికి ముందూ వెనుకా చేతులు కడగాలి. ఇద్దరు రోగులుంటే ఇది కష్టమైన పని. ముగ్గురయితే ఏదో ఒకటి వదిలేయక తప్పదు.

ఏది వదిలేస్తారన్నదే అసలు ప్రశ్న. బీపీ 60కి పడిపోతే ఎవరూ వదిలేయరు, పరిగెత్తుతారు. వదిలేసేవి ఇవాళ చేయకపోయినా ఇవాళ ఏమీ కానివి. ఒత్తిగిలించడం ఒకసారి తప్పితే మూడు రోజులకు పుండు పడుతుంది. నోరు శుభ్రం చేయకపోతే నాలుగైదు రోజులకు న్యుమోనియా రావచ్చు. చేతులు కడగడం ఒకసారి మరిచిపోతే పక్క బెడ్‌లోని మొండి బ్యాక్టీరియా ఈ బెడ్‌కు వస్తుంది. ఈ పనుల ఫలితం వచ్చేసరికి వదిలేసిన షిఫ్టు ఎవరికీ గుర్తుండదు. చివరికి కేస్ షీట్‌లో "ఇన్ఫెక్షన్ వల్ల మరణం" అని రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఇన్ఫెక్షన్ ఏ రాత్రి, ఎందుకు మొదలైందో మాత్రం ఆ కాగితం మీద ఉండదు.

వీటన్నిటికంటే పెద్దది మత్తు సంగతి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు మత్తు మందు ఇస్తారు. రోజూ ఒకసారి దాన్ని ఆపి, రోగిని మేల్కొలిపి, సొంతంగా ఊపిరి తీసుకోగలడేమో చూడాలి. ఈ రెండు పనులూ కలిపి చేస్తే ఏమవుతుందని అమెరికాలో 336 మంది మీద జరిపిన ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి. ఇలా వైద్యం పొందిన ప్రతి ఏడుగురిలో ఒకరి ప్రాణం ఏడాది తర్వాత అదనంగా నిలిచింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. రోజుకోసారి రోగిని మేల్కొలపడం, అంతే. అయితే మేల్కొన్న రోగి కంగారు పడతాడు, గొట్టం లాగేసుకోవచ్చు, పక్కన ఎవరో నిలబడి చేయి పట్టుకుని మాట్లాడాలి. మనుషులు తక్కువైన రోజున మత్తు ఆపడానికి ధైర్యం చాలదు. "ఇవాళ్టికి ఇలాగే ఉంచుదాం" అనుకుంటారు. ఆ ఒక్క రోజు వల్ల వెంటిలేటర్ మీద ఇంకో రోజు, ఐసీయూలో ఇంకో రోజు. అంటే ఇంకో రోగికి దొరకాల్సిన బెడ్ ఇంకో రోజు దొరకదు. ఒత్తిడి వల్ల వైద్యం నెమ్మదిస్తుంది, వైద్యం నెమ్మదించడం వల్ల ఒత్తిడి పెరుగుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే కొత్త రోగులు రావడం తగ్గినా అది వెంటనే ఆగదు.

ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లను బోర్లా పడుకోబెట్టడం కూడా ఇలాంటిదే. ఫ్రాన్స్‌లో ప్రధానంగా జరిగిన ట్రయల్ 2013లో ప్రచురితమైంది. రోజుకు 16 గంటలకు పైగా బోర్లా ఉంచిన వాళ్లలో 28 రోజుల్లో చనిపోయింది 16 శాతం, అలా ఉంచనివాళ్లలో 32.8 శాతం. మరణాలు సగానికి తగ్గాయి. గొట్టాలతో, లైన్లతో ఉన్న మనిషిని జాగ్రత్తగా తిప్పాలంటే ఒకేసారి నలుగురైదుగురు కావాలి. రాత్రి రెండు గంటలకు ఆ నలుగురైదుగురు ఉన్నారా లేదా అన్నదాని మీదే ఆ వైద్యం ఆధారపడి ఉంది.

ఈ నష్టాన్ని నేరుగా కొలిచిన అధ్యయనాలూ ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని ఒక ఐసీయూలో 1990ల్లో నాలుగేళ్ల వివరాలు చూశారు. జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా, పనిభారం బాగా ఎక్కువున్న రోజుల్లో ఉన్న రోగులకు మరణ ప్రమాదం భారం తక్కువున్నప్పటితో పోలిస్తే రెట్టింపుకు మించి ఉంది. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో 8 ఐసీయూల మీద చేసిన పరిశీలన 2015లో వచ్చింది. ఒక నర్సుకు సగటున రెండున్నర మందికి మించి రోగులున్న షిఫ్టుల్లో మరణ ప్రమాదం 3.5 రెట్లు, ఒక డాక్టరుకు 14 మందికి మించినప్పుడు 2 రెట్లు అయింది. ఆసుపత్రి నడిపేవాళ్లు ఇందులో గమనించాల్సింది ఆ గీత. ఇద్దరు రోగుల దగ్గర తట్టుకున్న వ్యవస్థ రెండున్నర దాటగానే తట్టుకోలేకపోయింది.

తొందరగా బయటికి

కొత్త రోగికి చోటు కావాలంటే ఉన్నవాళ్లలో "కాస్త మెరుగ్గా" ఉన్న ఒకరు కదలాలి. బ్రిటన్ ఐసీయూల వివరాలతో 2000లో వచ్చిన అధ్యయనం చూస్తే, రాత్రిపూట వార్డుకు పంపేయడం పదేళ్లలో 2.7 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. అలా వెళ్లినవాళ్లలో మరణాలు పగలు వెళ్లినవాళ్లకంటే ఎక్కువ. పగటిపూట ఎవరికీ పంపాలనిపించని మనిషిని అర్ధరాత్రి పంపారంటే కారణం అతని ఆరోగ్యం కాదు కదా. పైగా చేరేది కూడా తక్కువ మంది నర్సులున్న వార్డుకు, అతని కథ తెలియని డాక్టరు చేతికి.

అయితే తొందరగా పంపడం ప్రతిచోటా ప్రాణాంతకం కాదు. అమెరికాలోని 155 ఐసీయూల్లో సుమారు 2 లక్షల మంది డిశ్చార్జిలు చూసిన 2013 నాటి అధ్యయనంలో, బాగా రద్దీ ఉన్న రోజుల్లో రోగులు 6 గంటలు ముందుగా బయటికొచ్చారు. తిరిగి ఐసీయూకు రావాల్సి వచ్చినవాళ్లు కొద్దిగా పెరిగారు, మరణాలు మాత్రం పెరగలేదు. అంటే మామూలు రోజుల్లో కొంతమంది అవసరానికి మించి ఐసీయూలో ఉంటున్నారన్నమాట. రద్దీ వల్ల ఆ అదనపు గంటలు తగ్గాయి. ఈ ఫలితాన్ని దాచిపెట్టి మాట్లాడటం సరికాదు.

పరిశోధనలు ఎందుకు కలవవు

2009లో అమెరికా ఐసీయూల మీద వచ్చిన ఒక అధ్యయనం, ఐసీయూ నిండుగా ఉన్న రోజున చేరినా ఖాళీగా ఉన్న రోజున చేరినా మరణ ప్రమాదం ఒకటేనని చెప్పింది. 2013లో అదే దేశంలో రెండున్నర లక్షలకు పైగా రోగులతో చేసిన మరో అధ్యయనం ప్రమాదం పెరుగుతుందని, కానీ చాలా స్వల్పంగానని చెప్పింది. స్కాట్లాండ్‌లో రెట్టింపు, అమెరికాలో దాదాపు ఏమీ లేదు. రెండూ నిజమెలా అవుతాయి?

ఒక కారణం ఆ దేశాల్లో ఉన్న వెసులుబాటు. ఐరోపా దేశాల మధ్యే ఎంత తేడా ఉందో చూడండి. 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం లక్ష జనాభాకు జర్మనీలో 29 క్రిటికల్ కేర్ బెడ్లు, బ్రిటన్‌లో 6.6, పోర్చుగల్‌లో 4.2. బెడ్లూ నర్సులూ ధారాళంగా ఉన్నచోట "నిండుగా ఉన్న రోజు" కూడా భరించగలిగేదే. మొదటి నుంచీ అంచు మీద నడిచే చోట ఇంకో ఇద్దరు వస్తే తూలిపోతుంది.

రెండో కారణం ఎవరిని లెక్కపెడుతున్నాం అన్నది. బెడ్లు తక్కువైనప్పుడు అందరికంటే తీవ్రంగా ఉన్నవాళ్లనే లోపలికి తీసుకుంటారు. అప్పుడు వైద్యం ఏమీ తగ్గకపోయినా ఐసీయూ మరణాల శాతం పెరుగుతుంది. ఇంకోవైపు, బతకడం కష్టమని తోచినవాళ్లను అసలు తీసుకోకపోతే ఆ శాతం తగ్గి, రద్దీ వల్ల నష్టమేమీ లేనట్టు కనిపిస్తుంది. వార్డులోనో ఎమర్జెన్సీలోనో పోయిన వాళ్లు ఐసీయూ లెక్కలోకి రానే రారు. అందుకే ఐసీయూ గోడల లోపలి మరణాలు మాత్రమే చూసి చెప్పే ఏ మాటనైనా నేను సగమే నమ్ముతాను.

ఆ గోడలు దాటి చూసిన మంచి అధ్యయనం కెనడాలోని కాల్గరీలో జరిగింది, 2012లో వచ్చింది. వార్డుల్లో ఉన్నట్టుండి పరిస్థితి విషమించిన రోగులను వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. ఆ క్షణంలో ఐసీయూలో ఒక్క బెడ్ కూడా లేకపోతే, రెండు గంటల్లోపు ఐసీయూకు చేరే అవకాశం రెండుకు మించి బెడ్లు ఖాళీగా ఉన్నప్పటితో పోలిస్తే దాదాపు మూడో వంతు తగ్గింది. ఇక దూకుడుగా వైద్యం వద్దు, ప్రశాంతంగా ఉంచుదామన్న నిర్ణయాలు పెరిగాయి. కానీ మొత్తం మరణాల్లో గణనీయమైన తేడా లేదు.

దీని నుంచి రెండు విషయాలు తెలుస్తాయి, రెండూ ముఖ్యమే. ఐసీయూ వైద్యం వల్ల మేలు జరగని వాళ్లను కూడా మామూలు రోజుల్లో ఐసీయూకు తీసుకెళ్తున్నాం. ఫ్రాన్స్‌లో 75 ఏళ్లు దాటిన 3 వేల మందికి పైగా రోగులతో చేసిన 2017 నాటి ట్రయల్ కూడా, వాళ్లను ఐసీయూలో చేర్చుకోవాలని ప్రత్యేకంగా ప్రోత్సహించినంత మాత్రాన ఆరు నెలల మరణాలు తగ్గలేదని చూపించింది. రెండోది, నాకు బాధ కలిగించేది. చివరి రోజుల్లో ఎలాంటి వైద్యం కావాలన్న సంభాషణ రోగి కోరికల ప్రకారం జరగాలి. బెడ్లు అయిపోయినప్పుడు మాత్రమే ఆ సంభాషణ జోరందుకుంటే, అది రోగి కోసం జరిగిన సంభాషణేనా? ఆ మాటలు ముందే, తీరుబడిగా, కుటుంబంతో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి.

కోవిడ్ వచ్చాక సందేహం చాలావరకు తొలగిపోయింది, ఎందుకంటే ఒత్తిడి మామూలు హద్దులన్నీ దాటింది. అమెరికాలో 558 ఆసుపత్రుల్లో 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కోవిడ్ మరణాలను పరిశీలించిన వాళ్లు, దాదాపు నాలుగింట ఒక మరణానికి ఆసుపత్రి మీద పడిన ఒత్తిడే కారణమై ఉండవచ్చని అంచనా వేశారు. ఇంగ్లండ్‌లో వెంటిలేటర్ బెడ్లు 85 శాతానికి మించి నిండిన రోజుల్లో ఐసీయూలో చేరిన కోవిడ్ రోగులకు మరణించే సంభావ్యత, 45 నుంచి 85 శాతం నిండిన రోజులతో పోలిస్తే, 23 శాతం ఎక్కువ. వైరస్ అదే. కోవిడ్ లేనివాళ్లూ మూల్యం చెల్లించారు. మొదటి ఉధృతిలో 12 వారాల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2.8 కోట్ల ఆపరేషన్లు రద్దవడమో వాయిదా పడటమో జరుగుతుందని అప్పట్లో అంచనా వేశారు. వైరస్ సోకుతుందన్న భయం ఒక కారణమైతే, ఆపరేషన్ తర్వాత పడుకోబెట్టడానికి ఐసీయూలో చోటు లేకపోవడం మరో కారణం.

ఏం చేస్తే తగ్గుతుంది

బెడ్లు పెంచడం ఒక్కటే మందు అనుకుంటే మళ్లీ మొదటి పొరపాటుకే వస్తాం. ఎర్లాంగ్ లెక్కలోనే మరో దారి ఉంది. 10 బెడ్ల ఐసీయూలు రెండు విడివిడిగా నడిస్తే, ఒక్కోదానికి సగటున 8 బెడ్ల భారం ఉన్నప్పుడు, 12 శాతం మందికి చోటు దొరకదని చూశాం. ఆ రెండూ కలిసి 20 బెడ్ల ఒకే వ్యవస్థగా పనిచేస్తే అది 6 శాతానికి దగ్గరగా వస్తుంది. ఒక్క బెడ్ కూడా కొనకుండా సగం తగ్గింది. పక్క పక్క ఆసుపత్రులు ఖాళీలను ఎప్పటికప్పుడు పంచుకుంటే, స్థిరంగా ఉన్న రోగిని భద్రంగా తరలించే అంబులెన్సూ టీమూ ఉంటే, ఇది సాధ్యమే. తరలింపులో ప్రమాదం లేదని కాదు. అందుకే ఎవరిని కదపొచ్చో అనుభవమున్నవాళ్లు తేల్చాలి.

ఐసీయూకు వార్డుకు మధ్య ఇంకో మెట్టు ఉండటం చాలా అవసరం. వెంటిలేటర్ అక్కర్లేదు కానీ వార్డులో వదిలేయలేని రోగులు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకోసం హై డిపెండెన్సీ యూనిట్ ఉంటే అర్ధరాత్రి డిశ్చార్జిల ప్రమాదం తగ్గుతుంది.

నర్సులను నిలబెట్టుకోవడం దీనికంటే కష్టమైన పని, అంతకంటే ముఖ్యమైనది కూడా. 2002లో అమెరికాలో సర్జరీ రోగుల మీద చేసిన ప్రసిద్ధ అధ్యయనం ఒకటుంది. నర్సు మీద ఒక్కో రోగి భారం పెరిగినప్పుడల్లా 30 రోజుల్లో మరణించే సంభావ్యత 7 శాతం, ఆ నర్సు పూర్తిగా అలసిపోయే సంభావ్యత 23 శాతం పెరిగాయి. అది ఐసీయూ లెక్క కాదు, సర్జరీ వార్డులది. అయినా దారి అదే. అలసి ఉద్యోగం మానేసిన ఒక్క అనుభవమున్న నర్సుతో పాటు ఒక బెడ్‌ను నడపడానికి కావాల్సిన నైపుణ్యంలో కొంత భాగం వెళ్లిపోతుంది. తర్వాతి రద్దీకి ఆసుపత్రి ఇంకా బలహీనంగా నిలబడుతుంది.

ప్రతి ఐసీయూ ఇంకో లెక్క రాయాలి. ఎవరిని చేర్చుకోమని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎప్పుడు చేర్చుకున్నారు, చేర్చుకోకపోతే ఎందుకు, ఆ మనిషి 28 రోజుల తర్వాత ఎలా ఉన్నాడు. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక రిజిస్టర్ చాలు. ఆ వివరాలు లేకుండా "మా ఐసీయూలో మరణాలు తక్కువ" అన్న మాటకు విలువ కట్టలేం.

అన్నిటికంటే నాకు ఆశ కలిగించేది మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో 2015లో మొదలైన ప్రయత్నం. అక్కడ ఎమర్జెన్సీ విభాగాన్ని ఆనుకునే ఐసీయూ స్థాయి యూనిట్ పెట్టారు. పైన బెడ్ దొరికేదాకా ఆగకుండా వైద్యం అక్కడే మొదలవుతుంది. మూడున్నర లక్షల దాకా ఎమర్జెన్సీ విజిట్లు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. యూనిట్ వచ్చాక 30 రోజుల్లో మరణాలు 2.13 శాతం నుంచి 1.83 శాతానికి తగ్గాయి, ఐసీయూకు పంపాల్సినవాళ్లూ తగ్గారు. మొదటి గంటల్లో వైద్యం సరిగ్గా అందడంతో కొందరికి ఐసీయూ అవసరమే లేకుండా పోయింది.

ఇది కుటుంబాలకు కూడా పనికొచ్చే సంగతి. బెడ్ లేదని చెప్పినప్పుడు బెడ్ కోసం ఫోన్లు చేయడంతో పాటు, అక్కడున్న డాక్టరును నెమ్మదిగా ఈ ప్రశ్నలు అడగొచ్చు. ఐసీయూ డాక్టరు వచ్చి చూశారా? యాంటీబయాటిక్ మొదటి డోసు పడిందా? బీపీ, ఆక్సిజన్ ఎంతసేపటికోసారి చూస్తున్నారు, ఎవరు చూస్తున్నారు? పరిస్థితి మారితే ఎవరిని పిలవాలి? వేరే ఆసుపత్రికి తీసుకెళ్లడం మంచిదా, దారిలో ఎవరు తోడుంటారు? గట్టిగా అరవాల్సిన పని లేదు. ఆ డాక్టరు, ఆ నర్సు కూడా అదే ఒత్తిడిలో ఉన్నారు. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి "ఇంకా లేదు" అన్న జవాబు వచ్చినా, బెడ్ వచ్చేదాకా ఆగకుండా అప్పటికప్పుడు చేయగలిగిన పని ఒకటి బయటపడినట్టే.